కాంట్రాక్టరు మన బంధువే అయినప్పుడు: శ్లాబు మరమ్మతులో నా అనుభవం

మా ఇంటి శ్లాబు మరమ్మతు పూర్తయి, దాని మీదుగా ఒక వానాకాలం కూడా గడిచింది. ఆ పనికి కాంట్రాక్టరును ఎలా ఎంచుకున్నామో, మా పిన్ని కొడుకుకే పని అప్పగించాలా వద్దా అన్న ప్రశ్నను ఎలా తేల్చుకున్నామో ఇప్పుడు నిదానంగా రాయగలననిపిస్తోంది. కొత్త ఇల్లు కట్టుకునేవారికి సలహాలిచ్చేవారు ఎందరో ఉంటారు గాని, ఉన్న ఇంటిని బాగుచేయించుకునేవారికి మాత్రం "మంచి మేస్త్రిని చూసుకోండి" అన్న ఒక్క మాటే దక్కుతుంది. ఆ మంచి మేస్త్రిని ఎలా గుర్తుపట్టాలో, అతడు మన బంధువే అయితే అతడి పనితనాన్ని ఎలా అంచనా వేయాలో ఎవరూ చెప్పరు.

మా వెనక గది పైకప్పులో మొదట సన్నటి గోధుమరంగు చారలు కనిపించాయి. కొంతకాలానికి ఆ చారల వెంబడే బీటలు వచ్చాయి, ఆ తర్వాత పెచ్చులు ఊడడం మొదలైంది. ఒక పెచ్చు ఊడిపడిన చోట చువ్వ బయటపడింది. దాన్ని వేలితో రుద్దితే తుప్పు పొరలు పొరలుగా రాలింది. రాలినచోట సిమెంటు పూసి రంగు వేయిస్తే చాలని ఇంటికి వచ్చినవారిలో చాలామంది అన్నారు. అలా పైపూతతో సరిపెట్టిన ఇళ్ళను మేము చూసే ఉన్నాం. లోపల చువ్వకు పట్టిన తుప్పు ఆగదు కాబట్టి, కొత్త పూత తన చుట్టూ ఉన్న పాత కాంక్రీటును కూడా వెంటబెట్టుకుని మళ్ళీ ఊడిపడుతుంది.

అందుకని కాంట్రాక్టర్లను పిలవడానికి ముందే ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుకు, అంటే కట్టడం బలాన్ని పరీక్షించే నిపుణుడికి, ఫీజు చెల్లించి ఇల్లు చూపించాం. ఆయన మరమ్మతు పనులు చేయించరు, ఎవరి సరుకూ అమ్మరు. లోపం ఏమిటో చెప్పే మనిషికి ఆ పని వల్ల వచ్చే లాభంలో వాటా ఉండకూడదని మావారు మొదటినుంచీ పట్టుబట్టారు. తర్వాతి నిర్ణయాలన్నీ తేలికపడింది ఆ పట్టుదల వల్లేనని నా నమ్మకం. ఇంజినీరు నిచ్చెన ఎక్కి చిన్న సుత్తితో పైకప్పును అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయారు. కాంక్రీటు గట్టిగా ఉన్నచోట ఖణీమని, లోపల పొర విడిపోయినచోట డొల్లగా వినిపించే తేడా కాసేపట్లోనే మా చెవులకూ పట్టుబడింది. డొల్లగా మోగిన ప్రతిచోటా ఆయన సుద్దతో గీత గీశారు. చివరికి ఆ సుద్ద హద్దులోకి వచ్చిన భాగం, కంటికి కనిపిస్తున్న పెచ్చులకంటే ఎంతో పెద్దదని తేలింది. కంటితో చూసి ఖర్చు చెప్పే మనిషి అసలు లెక్కకు ఎంత దూరంలో ఉంటాడో అప్పుడే అర్థమైంది.

కారణాన్ని కూడా ఆయన ఓపికగా వివరించారు. కొత్త కాంక్రీటులో క్షారగుణం ఎక్కువ, దాని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 12 నుంచి 13 వరకు ఉంటుంది. ఆ క్షారమే చువ్వ చుట్టూ సన్నని రక్షణ పొరను నిలిపి తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ళ తరబడి లోపలికి చేరుతూ ఆ పీహెచ్‌ను 9 దరిదాపులకు దించినప్పుడు రక్షణ పొర నిలవదు. దానికి తేమ కూడా తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు తాను తిన్న ఇనుముకంటే రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, మొలక నేలను పెల్లగించినట్టు కాంక్రీటును లోపలినుంచి నెట్టి పెచ్చులుగా ఊడదీస్తుంది. మా శ్లాబు అడుగున చువ్వలను కప్పి ఉండవలసిన కాంక్రీటు చాలాచోట్ల పలుచగా ఉందని, పైన డాబా మీద తూము వైపు సరైన వాటం లేక ఒక మూల నీరు నిలుస్తోందని తేలింది. దూలాలు బాగానే ఉన్నాయి. ముందు పైన నీటిని ఆపాలి, ఆ తర్వాతే కింద చువ్వల పని ముట్టుకోవాలి అని ఆయన వరుస కూడా రాసిచ్చారు. ఈ సంగతులు ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. లోపం ఎక్కడినుంచి వచ్చిందో మనకు తెలియకపోతే, మన ముందుకు వచ్చిన కాంట్రాక్టరుకు తెలుసో లేదో పసిగట్టే దారి ఉండదు.

ఆ నివేదిక ఆధారంగా ఒక పని పట్టిక తయారుచేశాం. చెక్కడానికి ముందు శ్లాబు కింద జాకీలు (బరువు మోసే ఊతాలు) నిలపడం, డొల్ల కాంక్రీటును చెక్కి తీసేయడం, చువ్వలను చుట్టూరా శుభ్రం చేసి తుప్పు నిరోధక పూత వేయడం, పాలిమర్ కలిపిన మాలుతో తిరిగి పూడ్చడం, డాబా మీద పాత పొర తీసి వాటం సరిచేయడం, వాటర్‌ప్రూఫింగ్, నీటి పరీక్ష, చెత్త తరలింపు, ఇలా ప్రతిదాన్నీ విడి వరుసలో రాసి, ఎదురుగా ధర గడిని ఖాళీగా వదిలాం. వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే కాగితం ఇచ్చాం. ఎవరి పద్ధతిలో వారు కొటేషన్ ఇస్తే వాటిని పోల్చడం సాధ్యం కాదు. ఒకరు చెత్త తరలింపును కలుపుతారు, మరొకరు కలపరు, ఇంకొకరు పరంజా అద్దెను చివర్లో బయటపెడతారు, కానీ అందరూ చెప్పేది మాత్రం ఒకే ఒక్క మొత్తం అంకె.

పనంతటికీ కలిపి గుత్త ధర అడగకూడదని కూడా అప్పుడే అనుకున్నాం. మరమ్మతులో చెక్కితే గాని ఎంత చెడిందో తెలియదు. గుత్తకు ఒప్పుకున్న కాంట్రాక్టరు ఆ తెలియనిదానికి ముందే ఎక్కువ వేసుకుని చెప్పాలి, లేదా తక్కువకు ఒప్పుకుని, తర్వాత తక్కువ చెక్కి ఊరుకోవాలి. మొదటిదానివల్ల డబ్బు నష్టం, రెండోదానివల్ల మనుషులకే ప్రమాదం. అందుకే చెక్కి పూడ్చే పనికి చదరపు అడుగు చొప్పున ధర రాయమన్నాం. చెక్కిన తర్వాత, పూడ్చకముందు, ఇద్దరం కలిసి టేపు పట్టి కొలవాలని షరతు పెట్టాం. ఇలా అడిగినప్పుడు ఎదుటి మనిషి ముఖంలో కనిపించిన తీరే మాకు సగం సమాచారం ఇచ్చింది.

మొదట వచ్చినాయన తెలిసినవారు చెప్పగా వచ్చిన మేస్త్రి. గది గుమ్మంలోనే నిలబడి తలెత్తి చూసి, డాబా ఎక్కకుండానే ఒక మొత్తం చెప్పి, సగం అడ్వాన్సు ఇస్తే మరునాడే మొదలుపెడతానన్నారు. మేమిచ్చిన పట్టికను చదవకుండా మడిచి జేబులో పెట్టుకున్నారు. ఒక వాటర్‌ప్రూఫింగ్ సంస్థ ప్రతినిధి పదేళ్ళ గ్యారంటీ గురించి చాలా సేపు మాట్లాడారు. గ్యారంటీ పత్రం నమూనా అడిగి తీసుకుని చదివితే, అది పూత సరుకుకే వర్తిస్తుందని, పూత వేసే కూలీ, ఉపరితలం సిద్ధం చేయడం, కట్టడం కదలికవల్ల వచ్చే బీటలు అందులోకి రావని రాసి ఉంది. అందులో మోసమేమీ లేదు, అంతా స్పష్టంగానే అచ్చువేశారు. కాకపోతే మాటల్లో విన్న గ్యారంటీ, కాగితం మీద ఉన్న గ్యారంటీ వేరువేరు. నిజంగా మెచ్చుకోదగ్గవారు మరమ్మతులే ప్రధానంగా చేసే ఇద్దరు భాగస్వాములు. పట్టికలో లేని రెండు ప్రశ్నలు వాళ్ళే అడిగారు, ప్రతి గడినీ నింపి ఇచ్చారు. ధర ఎక్కువగా ఉన్నా అది నాకు అన్యాయంగా తోచలేదు. మా తమ్ముడు లేకపోయి ఉంటే వాళ్ళకోసం కొన్ని నెలలు ఆగడానికైనా సిద్ధపడేవాళ్ళం.

తమ్ముడంటే మా పిన్ని కొడుకు. కూలీగా మొదలై, మేస్త్రి అయి, ఇప్పుడు సొంతంగా కాంట్రాక్టులు పట్టుకుంటున్నాడు. మా ఇంటి సంగతి తెలిసిన మరుక్షణంనుంచీ, "మనవాడు ఉండగా బయటివాళ్ళకెందుకే" అని అమ్మ, "వాడికీ ఒక పని దొరికినట్టుంటుంది" అని పిన్ని, ఇద్దరిదీ ఒకటే మాట. అతణ్ణి కూడా అందరితోపాటు పిలిచి, అదే పట్టిక ఇస్తానని ఇద్దరికీ చెప్పాను. అమ్మకు అది కొంచెం కష్టంగా తోచింది.

తమ్ముడు ఒక సాయంత్రం పని ముగించుకుని వచ్చాడు. వచ్చీరాగానే డాబా ఎక్కి, బకెట్టుతో నీళ్ళు తెప్పించి ఒక్కసారిగా నేలమీద కుమ్మరించి, అవి ఎటు పారుతున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో చూస్తూ గొంతుకు కూర్చున్నాడు. నీరు తూము దగ్గరికి వెళ్ళినట్టే వెళ్ళి, పిట్టగోడ మూలకు మళ్ళి, అక్కడ పలుచగా నిలిచిపోయింది. ఇంజినీరు నివేదికను అతడికి అప్పటికింకా చూపించలేదు. తర్వాత కిందికి వచ్చి సుత్తితో తట్టి, సుద్ద గీతలు సరిగ్గానే ఉన్నాయని, ఒకచోట మాత్రం ఇంకో జానెడు పెంచాలని అన్నాడు. పట్టిక తీసుకుని వాటర్‌ప్రూఫింగ్ వరుసమీద అడ్డంగా గీత కొట్టి, "అక్కా, ఇది మాత్రం నేను చేయను. వాటం వరకు తెచ్చిస్తాను, ఆ పైన పూత వేసేవాళ్ళు వేరే ఉన్నారు. నేను వేస్తే వేసినట్టే ఉంటుంది గాని నిలుస్తుందని నీకు మాటివ్వలేను" అన్నాడు. వచ్చినవారందరిలో తనకు రానిది ఒకటుందని చెప్పింది అతడొక్కడే. నా మొగ్గు అతడివైపు తిరిగింది బంధుత్వాన్ని చూసి కాదు, ఆ మాట విన్నాకనే.

అయినా మొగ్గు చూపడం వేరు, పని అప్పగించడం వేరు. అతడు చేసిన పాత పనులు చూపించమని అడిగాను. కొత్తగా ముగించినవి కాకుండా, కనీసం ఒక వానాకాలం దాటినవి కావాలన్నాను. ఆ ఇళ్ళవాళ్ళను "పని బాగుందా" అని అడగలేదు. అలా అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు, ముఖ్యంగా నేను అతడి అక్కనని తెలిశాక. "పనిలో ఏది తేడా వచ్చింది, వచ్చినప్పుడు ఏం చేశాడు" అని అడిగాను. ఒక ఇంటావిడ, మెట్ల దగ్గర పూత ఊడిందని, కబురు చేస్తే రావడానికి ఆలస్యం చేశాడని, వచ్చాక మాత్రం డబ్బు ఊసెత్తకుండా మొత్తం తీసి మళ్ళీ చేశాడని చెప్పారు. ఆ జవాబులో మంచీ చెడూ రెండూ ఉన్నాయి కాబట్టే నాకు నమ్మదగినదిగా అనిపించింది. ఆలస్యం చేస్తాడన్న సంగతి మాత్రం గుర్తుపెట్టుకున్నాను.

ఇక బంధుత్వం విషయం. మాకు తెలిసిన ఒక కుటుంబంలో స్నానాలగది పనిని దగ్గరి బంధువుకు అప్పగించారు. నేల వాటం తూముకు ఎదురుదిక్కుగా వచ్చింది. బయటివాడైతే అదే రోజు టైల్సు పీకించేవాళ్ళు. బంధువు కావడంతో మొహమాటపడి, రోజూ నీళ్ళు తుడుచుకుంటూ కొంతకాలం గడిపి, చివరికి అతడికి చెప్పకుండా ఇంకొకరితో చేయించుకున్నారు. ఆ సంగతి అతడికి ఎవరివల్లో తెలిసింది. ఇప్పుడు రెండిళ్ళ మధ్య మాటలున్నాయి గాని మునుపటి చనువు లేదు. ఆ ఇంట్లో పని పాడవడంకంటే, పాడైందని చెప్పుకునే దారి లేకపోవడమే ఎక్కువ నష్టం చేసిందని నాకనిపిస్తుంది. పరాయివాడితో ఏదైనా తర్వాత మాట్లాడుకోవచ్చు. బంధువుతో మాత్రం మాట్లాడవలసిందంతా పని మొదలుకాకముందే మాట్లాడేసుకోవాలి, ఎందుకంటే తర్వాత నోరు పెగలదు.

ధర దగ్గర తమ్ముడు కూడా అందరు బంధువుల్లాగే, "మన మధ్య లెక్కలేంటక్కా, నీకు తోచింది ఇవ్వు" అన్నాడు. వినడానికి ఆప్యాయంగా ఉండే ఈ మాట దగ్గరే చాలా సంబంధాలు బీటలు వారతాయి. నాకు తోచింది అతడి దృష్టిలో తక్కువ కావచ్చు, అతడు ఆశించింది నాకు ఎక్కువ అనిపించవచ్చు, ఆ తేడా ఇద్దరం జీవితాంతం మనసులోనే మోయవలసివస్తుంది. బయటివాళ్ళకు వేసే ధరే రాయమని, తగ్గించాలనుకుంటే ఎంత తగ్గిస్తున్నాడో పక్కనే విడిగా చూపించమని అన్నాను. అతడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, తనకు బాకీలు ఎక్కువగా నిలిచిపోయింది బంధువుల ఇళ్ళలోనేనని, పని మధ్యలో "ఎలాగూ వచ్చావు కదా, ఆ అరుగు కూడా కాస్త చూడు" అని చేయించుకున్న చిల్లర పనులకు ఎవరూ డబ్బివ్వలేదని, అడగడానికి తనకు మొహమొచ్చేది కాదని చెప్పాడు. కాగితం మీద పెట్టుకోవడం మాకోసమేనని అంతవరకు నేననుకున్నాను. ఆ రోజు అతడికి అది మాకంటే ఎక్కువ అవసరమని తెలిసింది.

ఒప్పందం చాలా సాదాగానే ఉంది. పట్టికలోని ధరలు, సరుకు మేము కొనాలి, పనిముట్లు, పరంజా, కూలీలు అతడివి, కూలీలకు ప్రమాద బీమా అతడు చేయించాలి. అడ్వాన్సు మొదటి దశకు సరిపడినంతే. ప్రతి దశ ముగిసి, చూసుకున్న తర్వాతే తర్వాతి చెల్లింపు, అదీ బ్యాంకు ద్వారానే. మొత్తంలో పదోవంతు వచ్చే వానాకాలం దాటేవరకు మా దగ్గర ఉంటుంది. కొత్తగా ఏదైనా బయటపడితే ఫోటో తీసి, ధర రాసి, ఇద్దరం సంతకం చేశాకే ఆ పని ముట్టుకోవాలి. సరిగా రాని పనిని తిరిగి చేసే ఖర్చు అతడిది. ఏ విషయంలోనైనా మాకు పొసగకపోతే ఇంజినీరు చెప్పినదే ఆఖరిమాట. వీటితోపాటు కాంట్రాక్టు కాగితాల్లో సాధారణంగా కనిపించని ఒక షరతు కూడా రాసుకున్నాం: పని గురించిన మాటలు పని జరిగే చోటే మాట్లాడుకోవాలి, అమ్మ దగ్గరా పిన్ని దగ్గరా ఎత్తకూడదు. నాకు అన్నింటికంటే ఎక్కువగా ఉపయోగపడిన షరతు అదే. అమ్మ ఆ కాగితం చూసి, "తోబుట్టువుల మధ్య సంతకాలేమిటే" అని నొచ్చుకుంది. తమ్ముడే ఆమెకు, "పెద్దమ్మా, నేనే పెట్టమన్నాను" అని చెప్పాడు.

వాటర్‌ప్రూఫింగ్ పనిని విడిగా మరొక బృందానికి ఇచ్చాం. ఒకే ఇంటి పనిని ఇద్దరికి పంచితే, రెండు పనులు కలిసేచోట ఏదైనా తేడా వస్తే ఒకరిమీద ఒకరు నెట్టుకుంటారని ఇంజినీరు హెచ్చరించారు. అందుకే డాబాలోంచి దిగే గొట్టాల చుట్టూ పూత, తూము అంచు, పిట్టగోడ మొదట్లో నేలా గోడా కలిసే మలుపు ఎవరి బాధ్యతో ముందే రాసిపెట్టుకున్నాం. తమ్ముడు వాటం తెచ్చాడు, ప్రతి 100 సెంటీమీటర్లకు 1 సెంటీమీటరుకు తగ్గకుండా. వాళ్ళు పూత వేశాక తూము మూసేసి, డాబాను నీటితో నింపి 48 గంటలు ఉంచాం. రెండో రోజు కింద గొట్టం దిగేచోట ఉంగరంలాంటి తడి మరక కనిపించింది. పూతవాళ్ళు వాటం పనిని, తమ్ముడి మనుషులు పూతను తప్పుపట్టడం మొదలుపెట్టారు. కాగితం తెరిస్తే గొట్టం చుట్టూ పని పూతవాళ్ళదని ఉంది. వాళ్ళు ఇంకేమీ మాట్లాడకుండా అక్కడ చెక్కి, మళ్ళీ నింపి, మళ్ళీ పూత వేశారు. రెండోసారి నీళ్ళు నిలిపినప్పుడు కింద పొడిగానే ఉంది. ఆ తర్వాతే కింద చెక్కే పని మొదలైంది.

అసలు పరీక్ష కింది పనిలో ఎదురైంది. జాకీలు నిలిపి, పైకప్పును కొంచెం కొంచెంగా చెక్కుకుంటూ వచ్చారు. మొదటి భాగంలో చువ్వలు మెరుస్తున్నాయి, కింద మాలు కలిపి సిద్ధంగా ఉంచారు. నేను నిచ్చెన ఎక్కి, చిన్న చేతి అద్దాన్ని చువ్వకూ శ్లాబుకూ మధ్య ఉన్న సందులో పెట్టి టార్చి వేసి చూశాను. కింది వైపు తెల్లగా మెరుస్తున్న చువ్వ, పై వైపు ఎర్రగా, పొలుసులు పొలుసులుగా అలాగే ఉంది. వైరు బ్రష్షు వెనక్కి దూరేంత చోటు లేకుండా చెక్కి, అందినంతవరకే రుద్దారు. దానిమీద మాలు పెట్టి ఉంటే తుప్పు లోపలే ఉండిపోయి, కొన్నేళ్ళకు మళ్ళీ అదే కథ అయ్యేది. పని ఆపించి తమ్ముడికి ఫోను చేశాను.

అతడు వచ్చేసరికి పాలిమర్ మాలు గట్టిపడటం మొదలైంది. అద్దం చేతికిచ్చాను. ఒక చువ్వ, రెండో చువ్వ, మూడో చువ్వ చూశాడు. నేనేదో అనాలని మేస్త్రి ఎదురుచూస్తున్నట్టుంది, నేనేమీ అనలేదు. తమ్ముడు ఆ మాలంతా పారబోయించి, చువ్వ వెనక వేలు దూరేంతవరకు మళ్ళీ చెక్కమని, చుట్టూ తెల్లగా వచ్చేవరకు రుద్దమని చెప్పాడు. పారబోసిన సరుకు మేము కొన్నదే. సాయంత్రం వెళ్తూ, "దీని ఖరీదు నా బిల్లులోంచి తీసెయ్యి, కాగితంలో ఉంది కదక్కా" అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. ఆ కాగితమే లేకపోతే నేను ఫోను చేసి ఉండేదాన్నా అని ఆలోచించాను. చేసి ఉండేదాన్నే, కానీ ఆ సాయంత్రం మా ఇద్దరి మధ్య మాటలు అంత తేలిగ్గా ముగిసేవి కావు. అప్పటినుంచి ప్రతి భాగాన్నీ పూడ్చేముందు అద్దంతో చూడడం మేస్త్రే అలవాటు చేసుకున్నాడు.

మరికొంత చెక్కాక ఒక చువ్వ చాలా సన్నబడి ఉందని తేలింది. ఫోటో తీసి ఇంజినీరుకు పంపితే, ఆయన వచ్చి చూసి, పక్కన కొత్త చువ్వ చేర్చి కట్టాలని, అది రెండు వైపులా చెడని భాగం మీదికి ఎంత పొడవు రావాలో కొలిచి చెప్పారు. అదనపు పని కాబట్టి ధర రాసుకుని సంతకాలు చేశాం. ఇక్కడ మాత్రం తమ్ముడు ఇబ్బందిపడ్డాడు. ఇంత చిన్న పనికి రాయడమెందుకని రెండుసార్లు అన్నాడు. బంధువుల ఇళ్ళలో తన బాకీలు నిలిచిపోయింది ఇలాంటి చిన్న పనుల దగ్గరేనని అతడికే గుర్తుచేసి రాయించాను.

అతడి ఆలస్యం గురించి ముందే విన్నాం కాబట్టి, రాలేని రోజు ముందురోజు చెప్పాలని అనుకున్నాం. ఒకసారి వేరే ఇంట్లో శ్లాబు వేసే పని పడి, కూలీలందరినీ అటు తీసుకెళ్ళిపోయాడు. బంధువు కాబట్టి సర్దుకుంటామన్న ధీమా అతడిలో ఉందని నాకు తెలుస్తూనే ఉంది. తెలిసినవాడికి పని అప్పగిస్తే మన వంతు ఎప్పుడూ వెనక్కి జరుగుతుందన్నది నిజమే, అన్ని షరతులు రాసుకున్నా ఇది పూర్తిగా తప్పలేదు. చెక్కి వదిలిన శ్లాబు కింద జాకీలు అలాగే ఉన్నాయి కాబట్టి ప్రమాదం లేదు, కానీ ఆ గది దుమ్ముతో నిండి, ఇంట్లో నడవడానికి దారి లేకుండా పోయింది. ఆ విషయాన్ని పిన్నికి చెప్పాలన్న కోరిక బలంగానే కలిగింది. చెప్పలేదు. డాబా మెట్ల దగ్గర నిలబడి అతడికే చెప్పాను, మరునాటినుంచి ఇద్దరు మనుషులనైనా మా ఇంట్లో ఉంచాడు.

పూడ్చిన భాగాన్ని తడపడం, ఆరనివ్వడం పెద్దగా చెప్పుకోవలసినవి కావు గాని, రంగు దగ్గర ఒక చిట్కా పనికొచ్చింది. రంగు పనివాళ్ళు తొందరపెడుతుంటే, తమ్ముడు ఒక పలుచని ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో పైకప్పుకు అతికించి రాత్రంతా వదిలేశాడు. తెల్లవారి విప్పితే లోపలివైపు సన్నటి తేమ బొట్లు ఉన్నాయి, అంటే కాంక్రీటులో ఇంకా తడి ఉందన్నమాట. ఆ బొట్లు రాని రోజు వచ్చేవరకు రంగు డబ్బా తెరవలేదు.

చివరి కొలతలు ముందే కలిసి రాసుకున్నవి కాబట్టి బిల్లు దగ్గర చర్చేమీ జరగలేదు. మొదట మేమనుకున్న విస్తీర్ణంకంటే చెక్కినది ఎక్కువే వచ్చింది, కానీ ప్రతి భాగానికీ తేదీ, కొలత, ఫోటో ఉన్నాయి. పారబోసిన మాలు ఖరీదు తీసేశాం, అదనపు చువ్వ ధర కలిపాం, అతడు తగ్గిస్తానన్నది విడి వరుసలో చూపించి తగ్గించాడు. పదోవంతు మినహా మొత్తం అదే వారంలో చెల్లించాం. బంధువుల ఇంట్లో అడగకుండా డబ్బు అందడం తనకు కొత్తని అన్నాడు.

వానలు తగ్గాక సుత్తి తీసుకుని అతడే వచ్చి పైకప్పంతా తట్టి చూశాడు, మిగిలిన పదోవంతు ఆ రోజే బ్యాంకులో వేశాం. వెళ్ళేముందు మా ఒప్పందం కాగితాన్ని ఫోనులో ఫోటో తీసుకున్నాడు; వాళ్ళ మేనత్త ఇంట్లో వంటగది పని ఒప్పుకుంటున్నాడట, అక్కడ ధర మాట ఎలా ఎత్తాలో తెలియక తిప్పలు పడుతున్నాడట. మాకు కూడా పిట్టగోడ బయటివైపు పూత పని ఇంకా మిగిలే ఉంది. దానికి కొత్త పట్టిక రాశాను, ఆ ఇద్దరు భాగస్వాములకు ఒకటి, తమ్ముడికి ఒకటి పంపాను. ఈసారి అమ్మ ఏమీ అనలేదు, తమ్ముడు ధర ఎంత వేశాడో మాత్రం తెలుసుకోవాలని ఉందట.